అమ్మలూ, ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత

అమ్మలూ,

నీ మెసేజ్ చూశా. హిస్టరీ, సెల్టిక్ కల్చర్, హోమియోపతి మూడింటి మీదా మంచి పుస్తకాలు చెప్పు పెదనాన్నా అన్నావు. డబ్లిన్‌లో ఉన్నావు కాబట్టి సెల్టులు, తాతయ్య మందుల పెట్టె గుర్తొచ్చి హోమియో అయ్యుంటాయి. ఉత్త పేర్లు రాసి పంపడం నిమిషం పని, కానీ ముప్ఫై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ని, ఏది ముందు చదవాలో ఏది తర్వాతో చెప్పకుండా పంపితే నీకు ఉపయోగం ఉండదు.

ఒక్క అలవాటు మాత్రం చేసుకో. ఏ పుస్తకం తీసినా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి గురించి రాశారో వాళ్లని కళ్లతో చూశారా అన్నది ముందు చూడు. సెల్టులంటే పాతకాలంలో యూరప్‌లో ఉన్న తెగలు, వాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ పాతకాలం వాళ్లు తమ గురించి తాము పుస్తకాలు రాసిపెట్టలేదు. డ్రూయిడ్లని వాళ్ల పూజారులు, చదువంతా నోటిపాఠమే, కొందరైతే ఇరవై ఏళ్లు వల్లెవేసేవాళ్లట, ఆ విద్యని అక్షరాల్లో పెట్టకూడదనేవాళ్లట, మన వేదపాఠశాలలే గుర్తొస్తాయి. ఇదంతా మనకి చెప్పిందెవరు? జూలియస్ సీజర్. వాళ్ల దేశం గాల్, అంటే ఇప్పటి ఫ్రాన్స్, దాని మీద దండెత్తి క్రీ.పూ. 52లో అలేసియా దగ్గర వాళ్ల నాయకుడు వెర్సింగెటోరిక్స్‌ని లొంగదీసుకున్న మనిషే. ఆయన గాల్ యుద్ధాల పుస్తకంలో ఆరో భాగం ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, అది ముందు చదువు, కానీ గెలిచినవాడు రోమ్ వాళ్ల కోసం రాసిందని మర్చిపోకుండా చదువు.

ఆ తర్వాత మట్టిలో దొరికిన వాటి సంగతి. దానికి బారీ కన్‌లిఫ్ రాసిన 'ది ఏన్షియంట్ సెల్ట్స్' తీసుకో, 1997లో వచ్చింది, 2018లో కొత్త ఎడిషన్ వేశారు, కొత్తదే కొను. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ ఉప్పుగని దగ్గర 1846 నుంచి బయటపడ్డ వెయ్యికి దగ్గరగా సమాధుల దగ్గర్నుంచి టర్కీలో స్థిరపడ్డ గలతీయుల దాకా ఉంటుంది. చర్చిలో చదివే గలతీయులకు రాసిన పత్రిక ఉంది చూడు, ఆ పేరు అక్కడికి వలసపోయిన సెల్టుల వల్లే వచ్చింది, ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఇది అయిన వెంటనే సైమన్ జేమ్స్ 1999లో రాసిన 'ది అట్లాంటిక్ సెల్ట్స్' చదువు. బ్రిటన్, ఐర్లండ్‌లో పాతకాలం వాళ్లు తమని తాము సెల్టులని అనుకోనేలేదు, ఆ పేరు పద్దెనిమిదో శతాబ్దంలో తగిలించిందే అని ఆయన వాదన. రెండూ చదివితే గానీ నీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడదు.

ఇక నాకు ప్రాణమైన పుస్తకం. 'ది టాయిన్', ఐర్లండ్ వాళ్ల పాత వీరగాథ, థామస్ కిన్సెల్లా 1969లో ఇంగ్లీషులోకి తెచ్చాడు, లోపల నల్ల ఇంకుతో కుంచె గీతల బొమ్మలుంటాయి. కథ ఏంటంటే మేవ్ అనే రాణి, ఆవిడ మొగుడు పక్కమీద పడుకుని నా ఆస్తి ఎక్కువా నీ ఆస్తి ఎక్కువా అని మాటామాటా అనుకుని చెంబులూ గొర్రెలూ నగలూ అన్నీ తెప్పించి లెక్కేస్తారు, అన్నీ సమానమే, ఒక్క ఆంబోతు దగ్గర ఆవిడకి తక్కువవుతుంది. దాంతో అలాంటి ఆంబోతు కోసం ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ మీదకి సైన్యంతో బయల్దేరుతుంది. మన విరాటపర్వంలో గోగ్రహణం లేదూ, అలాంటిదే! అల్‌స్టర్ మగవాళ్లందరూ ఒక శాపం వల్ల పురిటినొప్పులతో పడిపోయి ఉంటే పదిహేడేళ్ల కుర్రాడు కూ కుల్లిన్ ఒక్కడే అడ్డం నిలబడతాడు, నాకైతే పల్నాటి బాలచంద్రుడే కనిపించాడు. చివరికి రేవు దగ్గర తనతో కలిసి పెరిగిన ఫెర్‌డియాతోనే కత్తి దూయాల్సొస్తుంది. మొదట్లో పొద్దంతా నరుక్కుని సాయంత్రం కూ కుల్లిన్ తన గాయాలకి వేసుకున్న ఆకుమందు ఫెర్‌డియాకీ పంపిస్తాడు, ఫెర్‌డియా తన తిండిలో అతనికీ వాటా పంపిస్తాడు, ఇద్దరి గుర్రాల్నీ ఒకే దొడ్లో కడతారు. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయా. అయితే దీన్ని రాతలో పెట్టింది క్రైస్తవ సన్యాసులు, దొరికిన ప్రతుల్లో పాతది సుమారు 1100 నాటిది, ఇదీ గుర్తుపెట్టుకో.

నువ్వక్కడే ఉన్నావుగా, కిల్డేర్ స్ట్రీట్‌లో తవ్వకాల్లో దొరికిన వస్తువుల మ్యూజియం ఉంది, టికెట్ కొననక్కర్లేదు, పుస్తకం చదివాక ఒకసారి, చదవకముందు ఒకసారి వెళ్లు.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద డ్రూయిడ్ల రహస్యాలని ఒక పాత పుస్తకం కొన్నా, అందులో మంత్రాలూ సూత్రాలూ బ్రహ్మాండంగా ఉన్నాయి, రెండేళ్లు క్లాసులో అవే చెప్పా. తర్వాత తెలిసింది అదంతా ఈమధ్య కాలంలో అల్లిన కల్పన అని. ఆ పిల్లలకి మళ్లీ సరిచేసి చెప్పే వీల్లేకపోయింది, ఇప్పటికీ బాధే. రోనల్డ్ హట్టన్ 'బ్లడ్ అండ్ మిసిల్‌టో' (2009) అప్పట్లో ఉంటే బాగుండేది, డ్రూయిడ్ల గురించి ఏది నిజం ఏది తర్వాత పుట్టించింది అని ఓపిగ్గా విడదీసి చూపిస్తాడు.

హోమియోకి వస్తే ఇక్కడ వ్యవహారం రివర్స్, మొదలుపెట్టినాయనే అంతా రాసిపెట్టాడు. హానిమన్ 1790లో ఒక వైద్య గ్రంథం జర్మన్‌లోకి అనువదిస్తూ జ్వరానికిచ్చే సింకోనా బెరడు తనే మింగి చూసుకున్నాడు, అక్కణ్నుంచే మొదలు. 1810లో తన సిద్ధాంతమంతా పెట్టి 'ఆర్గనాన్' అనే పుస్తకం వేశాడు, 1843లో పోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు, ఆరో ఎడిషన్ 1921లో గానీ అచ్చవలేదు. అది చదువు, ముందు మాత్రం ఆ రోజుల్లో డాక్టర్లు రోగుల నెత్తురు ఎలా తీసేవాళ్లో తెలుసుకుని చదువు, ఆయన కోపం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. మన దేశంలో కథ కావాలంటే మహేంద్రలాల్ సర్కార్ జీవితం వెతుకు, కలకత్తాలో పెద్ద అల్లోపతి డాక్టరు, 1867లో హోమియో వైపు తిరిగితే తోటి డాక్టర్లు వెలేశారు, అదే మనిషి 1876లో పెట్టిన సైన్స్ సంస్థలోనే తర్వాత సి.వి.రామన్ పరిశోధన చేశాడు. మన గుడివాడలో 1945లోనే కాలేజీ వచ్చిందంటే జనం ఎంత నమ్మారో చూడు.

అక్కడితో ఆగకు. 30 పొటెన్సీ అంటే వందో వంతు చొప్పున ముప్ఫై సార్లు పలచన చేయడం, పన్నెండోసారి దాటాక అసలు మందు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015 రిపోర్టు కూడా చదువు, ఏ ఒక్క జబ్బుకీ ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చారు. నేనూ ఆ మాటే నమ్ముతా. తాతయ్యంటే నాకు ప్రాణం, అయినా అదే చెప్తా. చరిత్రగా చదువు, జ్వరమొస్తే మాత్రం డాక్టర్ దగ్గరికెళ్లు, తాతయ్య కూడా మూడోరోజుకి తగ్గకపోతే ఊళ్లోవాళ్లని బండెక్కించి ఆసుపత్రికి పంపేవాడు.

హిస్టరీ ఎలా చదవాలి అన్నావు, సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) చాలు మొదలుపెట్టడానికి. కావ్యాల్లోంచి జనం ఏం తిన్నారో ఏం కట్టుకున్నారో ఏ ఆటలాడారో ఏరి తీశారు ఆయన, ఆ కన్నుతోనే టాయిన్ చదివి చూడు.

తాతయ్య పెట్టె నా దగ్గరే ఉంది. బిరడాల సీసాలు, పంచదార గుళికలు, కర్పూరం వాసన తగలకూడదని దేవుడి గదికి దూరంగా పెట్టేవాడు గుర్తుందా, ఇప్పటికీ నేను అటువైపు పెట్టను. అడుగున ఆయన నోట్‌బుక్ దొరికింది, ఎవరికి ఏ రోజు ఏం ఇచ్చాడో, ఎవరికి తగ్గలేదో కూడా పెన్సిల్‌తో రాసుకున్నాడు. పేజీ పేజీ ఫోటో తీసి ఆదివారానికి వాట్సాప్‌లో పంపుతా, ఆర్గనాన్ పక్కన పెట్టుకుని చదువు.

మీ పెదనాన్న