కర్సివ్ కోర్సు సంగతి తర్వాత, ముందు కాళ్ల కింద పీట వేయండి

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఇంట్లోనే చదివిస్తున్నాం. రాతంతా కొక్కిరి గీతలే. ఆన్‌లైన్ కర్సివ్ (కలిపి రాత) కోర్సులో చేర్చాలా, విడివిడిగా రాసే ప్రింట్ అక్షరాలు చాలా? ఇలాగైతే రేపు పదో తరగతి పరీక్షలు ఎలా రాస్తాడు?

జవాబు: అమ్మా, బడికి పంపకుండా తప్పు చేశామేమోనన్న దిగులే మీ చేత ఇది అడిగించింది. బడికి వెళ్లకుండా చదివేవారు పరీక్ష రాసే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) పదో తరగతికి కనీస వయసు 14. ఇంకా ఏడేళ్లుంది, స్థిమితపడండి.

ఈ కర్సివ్ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. అవతలి టీచరుకు రాసేసిన పేజీ కనిపిస్తుంది గానీ, వేళ్లు పెన్సిల్‌ని ఎలా పట్టాయో, అక్షరం ఎక్కడ మొదలైందో కనిపించదు. విడి అక్షరమే కుదరని పిల్లాడితో కలిపి రాయిస్తే తప్పులు కూడా కలిసిపోతాయి. ట్యాబ్ మీద దిద్దించే యాప్‌లూ అంతే. నున్నటి గాజు మీద వేలు జారిపోతుంది, కాగితం మీద ఎంత నొక్కాలో చేతికి తెలియదు. పదో తరగతి పేపర్లు దిద్దేవారికి కావలసింది చదవగలిగే రాత. అది ప్రింటయినా పర్వాలేదు. కర్సివ్ సంగతి తొమ్మిదేళ్లు వచ్చాక చూద్దాం.

ముందు కూర్చునే తీరు చూడండి. కాళ్లు వేలాడుతుంటే పీట వేయండి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. మెత్తగా రాసే 2బి పెన్సిల్ పొట్టి ముక్క ఇవ్వండి, పిడికిలితో పట్టడానికి చోటుండదు. రాశాక కాగితం వెనక వేలితో తడమండి. గీతలు ఉబ్బెత్తుగా తగిలితే మరీ నొక్కుతున్నాడన్నమాట. చెయ్యి నొప్పి, విసుగు అక్కణ్నుంచే వస్తాయి.

ఇంగ్లిష్ నాలుగు గీతల కాపీలో తెలుగు రాయించకండి. పైన గుడికీ కింద ఒత్తుకీ చోటు చాలదు. వెడల్పు ఒంటిగీతల పుస్తకంలో వరస విడిచి వరస రాయించండి. అ, ఆ వరసలో కాకుండా పోలికను బట్టి నేర్పండి: ర, ఠ, ద, ధ, థ ఒక గుంపు, వ, ప, ష, ఘ మరొకటి. ఇంగ్లిష్‌లో సి, ఓ, ఎ, డి చిన్న అక్షరాలు కలిపి నేర్పండి. అన్నీ గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిరిగేవే.

రోజుకు పది నిమిషాలు, ఐదారు వరసలు చాలు. రబ్బరు పట్టుకుని పక్కన కూర్చుంటున్నారా? దయచేసి మానండి. పేజీలు చింపి మళ్లీ రాయిస్తే పిల్లాడికి రాతంటేనే భయం పట్టుకుంటుంది. వరసలో బాగా కుదిరిన అక్షరానికి వాడి చేతే సున్నా చుట్టించండి.

వేగం తర్వాతి మాట. పన్నెండో ఏట అరగంట ఆపకుండా రాయించి, మెల్లగా మూడు గంటలకు తీసుకెళ్లండి.

నోటితో చక్కగా చెప్పేది ఆరు నెలల సాధన తర్వాత కూడా కాగితం మీద పెట్టలేకపోతే, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (చేతి పనులు, రోజువారీ పనులు సాధన చేయించే నిపుణులకు) చూపించండి. డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన సమస్య) అని తేలితే సర్టిఫికెట్ ముందే తీసుకోండి. పరీక్షలో అదనపు సమయం, లేఖకుడు అడగాలంటే అది కావాలి.