వసతి గృహానికి వచ్చినవారి వివరాలు ఎలా రాయాలి, ఎవరికి చూపాలి?

విశాఖలో నిరాశ్రయుల వసతి గృహం ఒకటి కొత్తగా మీ సంస్థ చేతికి వచ్చిందనీ, పాత రిజిస్టర్లలో ఒకే మనిషి నాలుగు పేర్లతో కనిపిస్తున్నాడనీ, అమెరికాలో ఉన్నట్లు నగరంలోని సంస్థలన్నింటికీ కలిపి ఒకే కంప్యూటర్ వ్యవస్థ ఉంటే ఈ చిక్కు తీరుతుందా అనీ అడిగారు. ఇలాంటి గృహంలోనే ఆరేళ్లు పని చేశాను, అందులో నాలుగేళ్లు మేనేజరుగా. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూడవచ్చు. ముందు మీ దగ్గరున్న పెద్ద రిజిస్టరును రెండు పుస్తకాలుగా విడదీయండి.

మా దగ్గరా మొదట్లో ఒకే పుస్తకం ఉండేది. గుమ్మం పక్కన బల్ల మీద, దారంతో కట్టిన పెన్నుతో సహా, రాత్రంతా తెరిచే ఉండేది. పేరు, వయసు, ఊరు, కులం, ఆధార్ సంఖ్య, జబ్బు, పని చేసే చోటు, ఇల్లు వదిలిన కారణం అన్నీ ఒకే వరుసలో రాసేవాళ్లం. ఒక సాయంత్రం ఒకతను వచ్చి, తన అన్న తప్పిపోయాడని చెప్పి పేజీలు తిప్పాడు. కేర్‌టేకర్ జాలిపడి ఊరుకున్నాడు. అతను వెతికింది అన్న కోసం కాదు, దెబ్బలు తాళలేక రెండు వారాల కిందట మా మహిళల గదిలో చేరిన భార్య కోసం. మరునాడు ఆమె అంట్లు తోమే హోటలుకు వెళ్లి నలుగురిలో రభస చేశాడు. ఆ పని పోయింది, ఆమె మళ్లీ మా గృహానికి రాలేదు. కేర్‌టేకరును తప్పుపట్టలేను. ఆ గళ్లు గీసినది నేనే.

అప్పటి నుంచి గుమ్మం దగ్గర హాజరు పట్టిక మాత్రమే ఉంచాం. అందులో వరుస సంఖ్య, మంచం సంఖ్య, వచ్చిన మనిషి తనంతట తాను చెప్పిన పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, సంతకం లేదా వేలిముద్ర, అంతే. మిగిలినవన్నీ మనిషికొక ఫైలుగా తాళం వేసిన బీరువాలోకి వెళ్లాయి. తాళం చెవులు రెండే, ఒకటి నా దగ్గర, ఒకటి సామాజిక కార్యకర్త దగ్గర. పట్టికకూ ఫైలుకూ ఉన్న లంకె ఆ వరుస సంఖ్య ఒక్కటే. కొత్తలో ఇది రెండింతల రాతకోతలని మావాళ్లు విసుక్కున్నారు గాని, నెల తిరిగేసరికి రాత్రి పూట చేరికకు పట్టే సమయం సగానికి తగ్గింది, ఎందుకంటే వానలో తడిసి వచ్చిన మనిషిని నిలబెట్టి కులం అడగవలసిన అవసరం పోయింది.

ఇక ఒకే మనిషికి నాలుగు పేర్ల సంగతి. దీనికి ఉత్తరాంధ్ర పేర్లే సగం కారణం. సింహాచలం కొండ మీది అప్పన్న స్వామి చలవతో మా పుస్తకంలో ప్రతి పేజీకీ ఇద్దరు ముగ్గురు అప్పారావులు, అప్పలరాజులు, అప్పలనాయుళ్లు ఉండేవారు. పైగా ఒకరినే ఒక రాత్రి అప్పన్న అనీ, ఇంకో రాత్రి సింహాచలం అనీ రాసేవారు. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కూలీల పేర్లు రాసేవారి చెవిని బట్టి మారేవి. బిశ్వజిత్ ఒకచోట విశ్వజిత్ అయ్యేవాడు, మరోచోట విశ్వనాథం కూడా అయ్యాడు. ఆధార్ సంఖ్య రాస్తే సరిపోతుందని చాలామంది అంటారు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుని పేవ్‌మెంటు మీద పడుకునేవారు ఎంతమంది? ఉన్న కార్డు కూడా రైలులోనో, బస్టాండు బెంచీ మీదో సంచితో సహా పోయి ఉంటుంది. మాకు పనికొచ్చినవి వేరు: పుట్టిన ఊరు, మండలం, తల్లి పేరు, పిలుపు పేరు, కంటికి కనిపించే ఒక గుర్తు. ఈ ఐదింటిలో మూడు కలిస్తే పాత ఫైలు తీసి, ఆ మనిషినే అడిగి ఖాయం చేసుకునేవాళ్లం. వయసు, ఎన్నాళ్లుగా వీధిలో ఉన్నారన్నవి సంవత్సరాలలో అడిగితే సరైన జవాబు రాదు. ‘హుద్‌హుద్‌కు ముందా, తర్వాతా’ అని అడగండి. ఆ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12ను ఈ నగరంలో ఉన్నవారెవరూ మరచిపోరు. ఆ తర్వాతి గుర్తు 2020 లాక్‌డౌన్.

కార్డు ఉన్నవారి విషయంలోనూ పూర్తి సంఖ్య రాసుకోవద్దు, జిరాక్సు తీసుకోవద్దు. చివరి నాలుగు అంకెలు గుర్తుపట్టడానికి చాలు. పింఛనుకో, బ్యాంకు ఖాతాకో దరఖాస్తు పెట్టవలసి వచ్చినప్పుడు, ఆ పని కోసమే, ఆ మనిషి ఎదుటనే చూసి తిరిగి ఇచ్చేయండి.

జబ్బుల వివరాలలో అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. క్షయ ఉన్నట్లు తేలితే ఆసుపత్రి వారు ప్రభుత్వ ని-క్షయ్ పోర్టల్‌లో నమోదు చేస్తారు. మందులు మధ్యలో ఆగకుండా చూడటానికి ఆ ని-క్షయ్ ఐడీ మీ ఫైలులో ఉండటం మేలు. హెచ్‌ఐవీ సంగతి అలా కాదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ మనిషి తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు. ‘కేజీహెచ్‌లో ఫలానా తేదీన మందులు తెచ్చుకోవాలి’ అని రాస్తే మీ పని జరుగుతుంది, జబ్బు పేరు అక్కర్లేదు. మతిస్థిమితం తప్పి తిరుగుతున్నవారు దొరికినప్పుడు మాత్రం మౌనంగా ఉండకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివారి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతకవలసిన బాధ్యత స్టేషన్ అధికారిది. అక్కడ మీరు ఇచ్చే గుర్తులు, మాట్లాడే యాస, ఒంటి మీద పచ్చబొట్టు ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. శ్రీకాకుళం వైపు ఒక ఊరి గ్రామదేవత పేరు పచ్చబొట్టుగా ఉండటం వల్లనే ఒక ముసలమ్మను ఇంటికి చేర్చగలిగాం.

సమ్మతి గురించి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఉండాలంటుంది. ఇచ్చిన సమ్మతిని అంతే సులువుగా వెనక్కి తీసుకోవచ్చనీ అంటుంది. మన గృహాలకు తెలుగుతో పాటు ఒడియా, హిందీ, బెంగాలీ కావాలి. కాగితం చేతికిచ్చి వేలిముద్ర వేయించుకుంటే సమ్మతి అయిపోదు. చదివి వినిపించి, ‘వద్దంటే మంచం పోదు’ అన్న ముక్క గట్టిగా చెప్పాలి. మేము ఫైలు రాయడం మూడో రాత్రి తర్వాతనే మొదలుపెట్టేవాళ్లం. మొదటి రాత్రి అబద్ధం చెప్పిన మనిషి కడుపునిండా తిని రెండు రాత్రులు నిద్రపోయాక నిజం చెప్పేవాడు. ఇంత చేసి, వాట్సాప్ గ్రూపులో అన్నం ప్లేట్లతో మనుషుల ముఖాలు పెడితే పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. దాతలకు వంటపాత్రల ఫొటో పంపండి.

కార్పొరేషనుకు, మెప్మాకు (రాష్ట్ర పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) నెలవారీ నివేదికలలో మీరు చూపవలసింది లెక్కలు, పేర్లు కావు. ఆ లెక్కలోనూ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. 60 మంచాలు 30 రాత్రులూ నిండితే 1800 పడకలు వినియోగమైనట్లు, 1800 మందికి ఆశ్రయం దొరికినట్లు కాదు. ఆ నెలలో వచ్చిన వేర్వేరు మనుషులు బహుశా 140 మందే కావచ్చు. లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత గృహ వసతి ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి కాబట్టి, ఈ రెండు సంఖ్యలను కలిపేస్తే ఎన్ని గృహాలు అవసరమో తెలియకుండా పోతుంది. అందరూ ఖాళీగా వదిలేసే గడి ‘ఎక్కడికి వెళ్లారు’ అన్నది. ఇంటికా, అద్దె గదికా, ఆసుపత్రికా, మళ్లీ రోడ్డు మీదికా? తెలియకపోతే ‘తెలియదు’ అనే రాయండి, ఊహించి నింపవద్దు.

ఇక ఉమ్మడి వ్యవస్థ. అమెరికాలో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ నిధులు పొందే సంస్థలు హెచ్‌ఎంఐఎస్ అనే వ్యవస్థలో వివరాలు నమోదు చేస్తాయి. అక్కడ కూడా గృహహింస బాధితులకు ఆశ్రయమిచ్చే సంస్థలు వారి పేర్లను అందులో పెట్టకూడదని చట్టమే నిషేధించి, వేరే డేటాబేస్ వాడమంటుంది. మీరు నాలుగు సంస్థలతో మొదలుపెట్టదలచుకుంటే మహిళల గృహాలను బయటే ఉంచి, పురుషుల గృహాల మధ్య వరుస సంఖ్య, మంచం ఖాళీ మాత్రమే పంచుకోండి. అందుకు ఒక ఎక్సెల్ షీటు, ఎవరి పాస్‌వర్డ్ వారికి, ఉద్యోగి మానేసిన రోజునే ఆ పాస్‌వర్డ్ తీసేసే అలవాటు చాలు.

మీకు సంక్రమించిన పాత రిజిస్టర్లను మాత్రం తూకానికి వేయనివ్వకండి. మా దగ్గర ఒకసారి మూడేళ్ల పుస్తకాలు ఆటోలోకి ఎక్కిన తర్వాత గేటు దగ్గర ఆపించి దింపించాను. ఆడిట్‌కు కావలసిన హాజరు పట్టికలు వేరు చేసి, జబ్బులు, ఆధార్ సంఖ్యలు ఉన్న పేజీలను ఇద్దరం కూర్చుని మూడు ఆదివారాలు చింపాం. మీకు ఎన్ని ఆదివారాలు పడుతుందో గాని, ఆ పని కొత్త పుస్తకం తెరవక ముందే పూర్తి చేయండి.