మానసిక వైద్య వార్డులో తొలి ఉద్యోగానికి ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: ఈ మధ్యే నర్సింగ్ కోర్సు పూర్తిచేశాను. వచ్చే నెలలో ఒక ఆసుపత్రి మానసిక వైద్య వార్డులో స్టాఫ్ నర్సుగా చేరాలి. చదువుకునే రోజుల్లో ఆ వార్డులో కొన్ని వారాలు మాత్రమే పనిచేశాను. అప్పుడు పక్కన ఎప్పుడూ ట్యూటర్ ఉండేవారు. ఇప్పుడు రోగి ముందు ఒక్కదాన్నే నిలబడితే మాట పెగలదేమోనని, ఎవరైనా మీదికి వస్తారేమోనని భయంగా ఉంది. మా అమ్మ ఈ ఉద్యోగం వద్దే వద్దంటోంది. మా పిన్నికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. నా చిన్నతనంలో ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఆ రోజులను అమ్మా మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. బహుశా పిన్ని వల్లనే నేను ఈ వార్డు కోరుకున్నానేమో. అక్కడ చేరితే నేర్చుకున్న నర్సింగ్ పనంతా మరిచిపోతావని స్నేహితులు అంటున్నారు. చేరాలా, మానాలా? చేరితే ఈలోగా ఏం నేర్చుకోవాలి?
– ఒక సోదరి

జవాబు: మీరు చేరాలనే నా అభిప్రాయం. మీ ఉత్తరంలో రోగుల గురించి చులకనగా ఒక్క మాట కూడా లేదు. తెలియని పనికి భయపడ్డారు, ఏం నేర్చుకోవాలో అడిగారు. ఈ వృత్తికి అంతకన్నా మంచి ఆరంభం అక్కర్లేదు. ఈ వార్డులో నర్సు చేతిలో ఉండే ముఖ్యమైన సాధనం ఆమె ప్రవర్తనే. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధం చికిత్సలో భాగమని హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికన్ నర్సు 1952లోనే చెప్పారు. మందులు ఎన్ని మారినా ఆ మాట విలువ తగ్గలేదు. కాబట్టి మీ తయారీలో ఎక్కువ భాగం మీ చూపునూ మాటనూ సాధన చేయడానికే కేటాయించండి.

ముందుగా మీ పిన్నిగారి సంగతి. మీరు దాన్ని నడుమ నాలుగు మాటల్లో చెప్పి ముందుకు సాగారు గాని, మీ సందేహాలన్నిటి వెనుకా ఉన్నది అదేనని నాకు అనిపించింది. ఇంట్లో ఒకరి జబ్బును దగ్గరగా చూసి ఈ రంగానికి వచ్చినవారు చాలామందే ఉంటారు. ఆ అనుభవం వల్ల రోగి కుటుంబం పడే అవస్థ మీకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అయితే అందులో ఒక చిక్కు కూడా ఉంది. ఏదో ఒక రోజు మీ పిన్నిగారి వయసే ఉన్న ఒకామె, ఆవిడ లాగానే అనుమానంగా చూస్తూ, మీరు ఇచ్చిన మందును విసిరికొట్టవచ్చు. ఆ క్షణంలో మీకు మితిమీరిన జాలి కలగవచ్చు, చిన్ననాటి కోపమో భయమో పైకి రావచ్చు. అప్పుడు మీరు ఎదుటి మనిషిని చూడడం మాని, పాత మనిషితో వ్యవహరించడం మొదలుపెడతారు. దీనికి నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే. చేరిన తొలి వారంలోనే ఇన్‌చార్జ్ సిస్టర్‌కు, వివరాలేవీ చెప్పకపోయినా సరే, మా దగ్గరి బంధువుకు ఈ జబ్బు ఉంది, కొందరు రోగుల దగ్గర నాకు కష్టం కావచ్చు, అలాంటప్పుడు మీతో మాట్లాడతాను అని చెప్పి ఉంచండి. రోగులతో మాత్రం ఈ విషయం ఎప్పుడూ ప్రస్తావించవద్దు. మీ కథ వారికి భారం అవుతుంది.

ఇక దాడుల సంగతి. మానసిక వైద్య వార్డుల్లో నర్సుల మీద దాడులు జరుగుతాయి. జరగవని చెప్పి మిమ్మల్ని పంపడం న్యాయం కాదు. కాని మానసిక రుగ్మత ఉన్నవారిలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. ఇతరుల చేతిలో హింసకు గురయ్యే ప్రమాదమే వారికి ఎక్కువ. పైగా ఉద్రేకం చాలాసార్లు ముందే కనిపిస్తుంది. అటూ ఇటూ ఆగకుండా నడవడం, గొంతు పెరగడం, పిడికిళ్లు బిగించడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, అంతవరకూ మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మౌనం వహించడం వంటివన్నీ హెచ్చరికలే. గొడవ ఎక్కువగా మొదలయ్యేది ఎవరో ఒకరు ‘కుదరదు’ అన్న చోట. ఇంటికి వెళ్తానంటే కుదరదు, ఫోను కావాలంటే కుదరదు, డాక్టరును ఇప్పుడే చూడాలంటే కుదరదు. అందువల్ల కుదరదని చెప్పే తీరును ప్రత్యేకంగా సాధన చేయవలసి ఉంటుంది. కారణం చెప్పాలి, ఎప్పుడు కుదురుతుందో చెప్పాలి, ఈలోగా ఏం చేయగలమో చెప్పాలి.

మీరు నిలబడే చోటు కూడా ముఖ్యమే. రోగికి రెండు చేతుల దూరంలో, ముఖాముఖిగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి నిలబడండి. తలుపు మీకు అందుబాటులో ఉండాలి, అదే సమయంలో రోగి బయటికి వెళ్లే దారికి మీరు అడ్డుగా ఉండకూడదు. చేతులు కనిపించాలి. మెడలో గొలుసు, వేలాడే చెవి రింగులు, మెడ చుట్టూ స్టెతస్కోపు ఆ వార్డులో వద్దు. అలారం ఎక్కడుందో తొలిరోజే చూసుకోండి. రోగిని పట్టి ఆపవలసిన పరిస్థితి వస్తే అది శిక్షణ పొందిన బృందం చేయవలసిన పని, అదీ మిగిలిన దారులన్నీ మూసుకుపోయాకే. బోర్లా పడుకోబెట్టి అదిమితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అలాంటప్పుడు కొత్త నర్సు అయినా సరే, రోగి శ్వాసను గమనిస్తూ, తేడా కనిపిస్తే గట్టిగా చెప్పాలి.

మాట పెగలదేమోనన్న భయానికి ఒక ఉదాహరణతో జవాబు చెబుతాను. ఒక రోగి గది మూలకు చూపించి, ‘వాళ్లు నన్ను తిడుతున్నారు, నీకు వినిపించడం లేదా?’ అని అడిగారనుకోండి. వినిపిస్తోందంటే అబద్ధం. అదంతా మీ భ్రమ అంటే ఆ మనిషి ఇక మీకు ఏమీ చెప్పరు. ‘నాకు ఏమీ వినిపించడం లేదండీ. కాని మీకు వినిపిస్తోందని, దానివల్ల మీరు చాలా భయపడుతున్నారని నాకు తెలుస్తోంది. ఏమంటున్నారు వాళ్లు?’ అని అడగండి. చివరి ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు. ఆ గొంతులు తనను తాను గాయపరచుకోమనో, మరొకరిని కొట్టమనో ఆజ్ఞాపిస్తున్నాయేమో తెలుసుకోవడం మీ బాధ్యత. అలాంటి ఆజ్ఞలు ఉన్నాయని తెలిస్తే రోగిని ఒంటరిగా వదలకుండా వెంటనే సీనియర్లకు చెప్పాలి. లేకపోతే కాసేపు పక్కన కూర్చుని, మెల్లగా చుట్టూ జరుగుతున్న ఏదో ఒక పని మీదికి వారి దృష్టిని మళ్లించవచ్చు. మాట్లాడడానికి ఇష్టపడని రోగి దగ్గర మీరూ మౌనంగా కూర్చోవచ్చు. ‘మీకు అభ్యంతరం లేకపోతే పది నిమిషాలు ఇక్కడ ఉంటాను, మాట్లాడనక్కర్లేదు’ అని చెప్పి, ఆ పది నిమిషాలూ పూర్తిగా అక్కడే ఉండడం నాకు తెలిసిన మంచి నర్సింగ్ పనుల్లో ఒకటి.

ఆత్మహత్య గురించి అడగడానికి కొత్త నర్సులు చాలామంది జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని వారి అనుమానం. అది నిజం కాదు, నేరుగా అడిగితే చాలామందికి ఊరటే కలుగుతుంది. ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని తేటగా అడగండి. వస్తోందంటే ఎలా, ఎప్పుడు అని అనుకున్నారో, అందుకు ఏమైనా దగ్గర పెట్టుకున్నారో కూడా అడగండి. ఎవరికీ చెప్పవద్దని రోగి బతిమాలినా ఆ మాట ఇవ్వకండి. మీ ప్రాణానికి సంబంధించిన విషయాన్ని నేను దాచలేను, కాని ఎవరికి చెబుతానో మీకు ముందే చెబుతాను అనడం నిజాయితీగల సమాధానం. కుంగుబాటు మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. మనసు తేలికపడక ముందే ఒంట్లో ఓపిక తిరిగి రావచ్చు కాబట్టి, రోగి లేచి తిరుగుతున్నారని నిఘా సడలించకూడదు. నిన్నటి దాకా తల్లడిల్లిన మనిషి కారణం లేకుండా ప్రశాంతంగా కనిపించినా ఆరా తీయాలి. నిర్ణీత వ్యవధిలో వచ్చి చూసి వెళ్లే పద్ధతి ఉన్నచోట కచ్చితంగా అదే నిమిషానికి వెళ్లడం అలవాటైతే, ఆ నడుమ ఎంత సమయం దొరుకుతుందో రోగికి తెలిసిపోతుంది. డిశ్చార్జి తర్వాతి తొలి రోజులు, వారాలు కూడా చాలా ప్రమాదకరమైనవి. అందుకే డిశ్చార్జి రోజున చెప్పే జాగ్రత్తలను హడావిడిలో ముగించకండి.

నేర్చుకున్నదంతా మరిచిపోతావని స్నేహితులు చెప్పిన మాటతో నేను ఏ మాత్రం ఏకీభవించను. మానసిక రోగి ఒంట్లో నలతగా ఉందంటే అది మనసు చేసే పనేనని కొట్టిపారేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దానివల్ల అసలు జబ్బులు కనబడకుండా పోతాయి. శరీరాన్ని చూడడం తెలిసిన నర్సు విలువ ఇక్కడే బాగా తెలుస్తుంది. ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం తీసుకునే రోగి రక్తంలో ఆ మందు మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మోతాదు ఇవ్వకుండా డాక్టరుకు చెప్పాలి. నొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకున్నా లిథియం పెరుగుతుంది. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడే మనిషికి జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్ల రక్తకణాలు పడిపోయాయేమో చూడాలి. అదే మందు వల్ల వచ్చే మలబద్ధకం ప్రాణాల మీదికి తేగలదు కాబట్టి ఆ విషయం రోజూ అడగాలి. భ్రమలను, ఉద్రేకాన్ని తగ్గించే హాలోపెరిడాల్ ఇచ్చిన కొన్ని గంటలకో, మర్నాడో రోగి మెడ ఒకవైపు మెలితిరిగి, కళ్లు పైకి నిలబడిపోతే అది నటన కాదు. తగిన ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో తగ్గే దుష్ఫలితం అది. ఈ రకం మందులు వాడేవారిలో తీవ్ర జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకుపోవడం, చెమటలు, అయోమయం కలిసి వస్తే అది అత్యవసర పరిస్థితి. మద్యం ఉన్నట్టుండి మానినవారికి రెండు మూడు రోజులకు తీవ్రమైన వణుకు, లేనివి కనిపించడం, సన్నిపాతం రావచ్చు. వారికి గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వాలన్న సంగతీ గుర్తుంచుకోండి. చేరేలోగా చదవవలసింది ఏమిటని అడిగారు గదా, మందుల విషయంలో ఈ కొన్నింటినీ క్షుణ్ణంగా చదివితే చాలు.

దానితోపాటు రాయడం సాధన చేయండి. నోట్సులో ‘రోగి దూకుడుగా ప్రవర్తించారు’ అని రాస్తే తర్వాతి షిఫ్టు నర్సుకు భయం తప్ప మరేమీ అందదు. ‘రాత్రి 9.40కి ఫోను అడిగారు. వేళ దాటిందని చెప్పగా రెండుసార్లు తలుపు తన్నారు. రేపు ఉదయం మొదట ఆయనకే ఇస్తామని చెప్పాక తన గదికి వెళ్లి కూర్చున్నారు’ అని రాస్తే, ఏది రెచ్చగొట్టిందో, ఏది శాంతింపజేసిందో రెండూ తెలుస్తాయి. ఇంట్లో కూర్చునే ఈ సాధన చేయవచ్చు. ఎవరినైనా పది నిమిషాలు గమనించి, మీ అభిప్రాయం ఒక్కటీ కలపకుండా చూసింది చూసినట్టు రాసి చూడండి. అది కనిపించినంత సులభం కాదు. అలాగే రోగిని ఇష్టానికి విరుద్ధంగా చేర్చుకోవడం, సమ్మతి, నిర్బంధం గురించి మీరు పనిచేసే దేశపు చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. ఎవరి స్వేచ్ఛనైనా ఆపే అధికారం ఎక్కడి వరకు ఉందో తెలియకుండా వార్డు తలుపు తాళం చేతిలో పట్టుకోవడం సరికాదు.

అక్కడ మీరు ఇచ్చే చిన్న మాటలను చాలా జాగ్రత్తగా ఇవ్వండి. ‘ఐదు నిమిషాల్లో వస్తాను’ అని వెళ్లి గంటకు వస్తే, అసలే ఎవరినీ నమ్మలేని స్థితిలో ఉన్న మనిషికి మీరూ నమ్మదగని మరొకరు అవుతారు. రాలేని పరిస్థితి ఉంటే ఎవరితోనైనా కబురు పెట్టండి. సొంత ఫోను నంబరు ఇవ్వడం, కానుకలు తీసుకోవడం, సోషల్ మీడియాలో స్నేహం కలపడం వద్దు. ఒక రోగి ‘నువ్వొక్కదానివే నన్ను అర్థం చేసుకున్నావు, మిగతావాళ్లు దుర్మార్గులు’ అంటే సంతోషం కలగడం సహజమే. ఆ రోజే ఆ మాటను హ్యాండోవర్‌లో, అంటే తర్వాతి షిఫ్టుకు బాధ్యత అప్పగించేటప్పుడు, చెప్పండి. బృందాన్ని విడదీసే మాటలు రోగికీ మేలు చేయవు.

తొలి నెలల్లో బాగా అలసిపోతారు. కలవరపెట్టిన సంఘటన జరిగిన రోజున ఇంటికి వెళ్లే ముందే ఒక సీనియర్ నర్సుతో కాసేపు మాట్లాడే అలవాటు చేసుకోండి. నిద్ర పట్టకపోవడం, డ్యూటీ అంటేనే గుండె దడ, రోగుల మీద విసుగు వారాల తరబడి ఉంటే, మీరు రోగులకు చెప్పే సలహానే పాటించి వైద్య సహాయం తీసుకోండి.

చివరగా మీ అమ్మగారు. ఆవిడ వద్దంటున్నది మీ ఉద్యోగం గురించి తెలిసి కాదు, తన చెల్లెలి జబ్బుతో, బహుశా ఎవరి తోడూ లేకుండా, గడిపిన రోజులు గుర్తుండి. కాబట్టి వాదించకండి. ఆ రోజుల్లో మీకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఏమిటమ్మా అని అడిగి, ఆవిడ చెప్పింది పూర్తిగా వినండి. ఈ జబ్బు అంటుకునేది కాదని, అక్కడ పనిచేస్తే రాదని, వార్డులో మీరు ఒంటరిగా ఉండరని, అలారం ఉంటుందని, బృందం ఉంటుందని ఆ తర్వాత చెప్పండి. డ్యూటీలో ఫోను ఎత్తలేరని, షిఫ్టు ముగియగానే మీరే ఫోను చేస్తారని ముందే చెప్పండి, అలాగే చేయండి కూడా. రోగుల పేర్లు, వారి సంగతులు ఆవిడకైనా చెప్పకూడదు. ఆ రోజు మీకు ఎలా గడిచిందో మాత్రం చెప్పవచ్చు. ఆరు నెలలు చూసి, అప్పటికీ ఈ పని మీకు సరిపడలేదనిపిస్తే మరో వార్డుకు మార్చమని అడుగుతానని ఆవిడకు మాట ఇవ్వండి. ఆ గడువు మీకూ అవసరమే.