తలకు దెబ్బ తగిలాక కళ్లు తిరుగుతున్నాయా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. కబడ్డీ ఆడుతూ పడిపోవడంతో తల నేలకు తగిలింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు కానీ, మూడు వారాలైనా తలనొప్పి, తల తిప్పితే కళ్లు తిరగడం తగ్గలేదు. గదిలోనే పడుకోబెడుతున్నాం. ఫిజియోథెరపీ పనిచేస్తుందా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: పనిచేస్తుందండీ. తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనవడాన్ని కంకషన్ అంటారు. ఇందులో దెబ్బతినేది ప్రధానంగా మెదడు పనితీరు కాబట్టి స్కాన్ సాధారణంగానే వస్తుంది. అంతమాత్రాన బాధ కల్పితం కాదు. పూర్తి విశ్రాంతి మొదటి 24 నుంచి 48 గంటలకే పరిమితం. ఆ తరువాత కూడా చీకటి గదిలో ఉంచడం, ప్రేమతో చేసినదే అయినా, కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. లక్షణాలు కొద్దిగానే పెరిగి గంటలోపు తగ్గిపోయేంత వేగంతో రోజూ నడిపించండి.

తల తిప్పినప్పుడే కళ్లు తిరగడానికి లోపలి చెవిలోని సన్నని స్ఫటికాలు స్థానభ్రంశం చెందడం ఒక కారణం కావచ్చు. అదే అయితే, ఫిజియోథెరపిస్టు తలను ఒక క్రమంలో కదిలించి చేసే చికిత్సతో తరచుగా ఒకటి రెండు విడతల్లోనే ఉపశమనం లభిస్తుంది. మెడ కండరాలు పట్టేసినా తలనొప్పి వస్తుంది కనుక మెడనూ పరీక్షించాలి. చూపును ఒకచోట నిలిపి తల కదిపే వ్యాయామాలు, సమతుల్యత సాధన మిగతా భాగం.

వాంతులు, మూర్ఛ, మగత, పెరుగుతున్న తలనొప్పి, చేతుల బలహీనత కనిపిస్తే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. వైద్యుడు అనుమతించేదాకా కబడ్డీ వద్దు. కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే ప్రమాదం చాలా ఎక్కువ.