టైమింగ్ బెల్ట్ మార్చాక ఇంజిన్ వణుకుతూ, పికప్ లేకుండా నడుస్తోంది, కారణం ఏమై ఉంటుంది?

ముందుగా అనుమానించాల్సింది బెల్ట్ ఒక పన్ను అటో ఇటో కూర్చోవడమే, కాబట్టి కొత్త సెన్సార్లు కొనేముందు పుల్లీల మీదున్న టైమింగ్ మార్కులు మళ్లీ చూడండి.

పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, బెల్ట్‌తో దానికి జతై వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది, ఈ లెక్క ప్రకారమే వాల్వులు తెరుచుకుని మూసుకుంటాయి. ఉదాహరణకి క్యామ్ పుల్లీకి 40 పళ్లుంటే ఒక్క పన్ను తేడా అంటే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18. చిన్న తేడా కాదిది! వాల్వులు వేళ తప్పి మూసుకోవడంతో కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) తగ్గుతుంది, ఐడిలింగ్ కుదురుగా ఉండదు, చాలా కార్లలో పి0016 కోడ్ (క్రాంక్, క్యామ్ ఒకదానికొకటి పొంతన కుదరట్లేదని కారు కంప్యూటర్ చూపే ఎర్రర్) కూడా వస్తుంది.

"స్టార్ట్ అయిందంటే టైమింగ్ సరిగ్గానే ఉన్నట్టు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒక పన్ను తేడాతో చాలా ఇంజిన్లు స్టార్ట్ అవుతాయి, బ్యాటరీ వైరు తీసి పెట్టినా, కోడ్ చెరిపేసినా ఆ తేడా పోదు.

స్టార్టర్ వాడకుండా, క్రాంక్ బోల్టుకి స్పానర్ వేసి ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పి పుల్లీల మార్కులు కలుస్తున్నాయో లేదో చూడాలి (బెల్ట్ మీద అచ్చువేసిన గీతలు అప్పుడు కలవకపోవచ్చు, అది మామూలే). మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలవంతంగా తిప్పొద్దు, పిస్టన్ వాల్వుకి తగులుతోందేమో. మార్కులు సరిగ్గానే ఉంటే అప్పుడు ఊడిన వ్యాక్యూమ్ పైపులు, సరిగా బిగించని సెన్సార్ కనెక్టర్లు చూడండి.