డాక్టర్ సలహా: గ్రూపులో వాదనకి దిగితే బీపీ 168.. మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 54. పాలకొల్లు దగ్గర ఆరెకరాల రొయ్యల చెరువులు లీజుకి చేస్తున్నాను. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒక వాదన. అమెరికా సుంకాల దగ్గర మొదలవుతుంది, ఏఐ వల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పోతాయా, విశాఖ డేటా సెంటర్‌తో మనకి ఒరిగేదేంటి అంటూ తిరిగి తిరిగి, చివరికి ఏ పార్టీ వాళ్ళు దొంగలన్న దగ్గర తేలుతుంది. మా బావమరిది కూడా అందులోనే ఉన్నాడు. ‘నీకు మేత బస్తా రేటు తప్ప ఏం తెలుసు’ అని అందరి ముందూ పెట్టాడు. అప్పటి నుంచి మాటల్లేవు. సంక్రాంతికి అత్తారింటికి కూడా వెళ్ళలేదు. వాదన జరిగితే చెవులు వేడెక్కుతాయి, గుండె దడ, మెడ వెనక పట్టేసినట్టు ఉంటుంది. బీపీ మిషన్ కొన్నాను. గొడవైన వెంటనే చూస్తే 168/98. పొద్దున్నే చెరువు నుంచి వచ్చి టీ తాగాక చూస్తే 138/86. మెడికల్ షాపులో ఆమ్లోడిపిన్ 5 ఇచ్చారు. టెన్షన్ వచ్చిన రోజు వేసుకుంటున్నాను. నిద్ర పట్టకపోతే ఫ్రెండ్ ఇచ్చిన అల్ప్రాజోలం సగం. ఇక జీవితాంతం మందులేనా? గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే సరిపోతుందా? (పేరు వేయొద్దు)

జవాబు: ముందు మాత్రల సంగతి తేల్చేద్దామండి, తొందరపడాల్సింది అక్కడే. ఆమ్లోడిపిన్ గొడవైనప్పుడు వేసుకునే మాత్ర కాదు. మింగాక రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే వారం దాటాక గానీ అది బీపీని ఎంత తగ్గిస్తుందో తెలియదు. రాత్రి పదింటికి బావమరిది మీద కోపంతో వేసుకున్న మాత్ర అందుకునేసరికి తెల్లారుతుంది. అప్పటికి మీరు చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసుకుంటూ ఉంటారు. వాడితే రోజూ వాడాలి, అదీ డాక్టర్ చూసి రాస్తేనే. ఇక అల్ప్రాజోలం. అది అలవాటు చేసే మందు. మత్తు కళ్ళతో, అర్ధరాత్రి, తడిసిన చెరువు గట్టు మీద నడిచే మనిషికి అది ఎవరిచ్చినా మంచి సలహా కాదు. ఎప్పుడో ఒకసారి సగం వేసుకుంటుంటే ఇక ముట్టుకోకండి. వారాల తరబడి రోజూ పడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా, డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

ఇప్పుడు మీ అంకెలు. 168 చూసి భయపడ్డారు, 138 చూసి ఊరట పడ్డారు. నేనైతే రెండింటినీ నమ్మను. మొదటిది ఒళ్ళు మండిపోతున్నప్పుడు తీసింది. పరుగెత్తి వచ్చిన వాడి గుండె దడ లెక్కపెట్టినట్టే. రెండోది బండి మీద వచ్చి, టీ తాగి తీసింది. అసలు మీ బీపీ ఎంతో మనకింకా తెలియదు.

ఇలా చూడండి. లేచాక మూత్రానికి వెళ్ళొచ్చి, టీ, సిగరెట్ ముట్టకముందే కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. కఫ్ (మిషన్ పట్టీ) చొక్కా మీద కాదు, ఒంటికి తగిలేలా కట్టాలి. 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ పక్క గదిలో ఉండాలి. మాట్లాడుతూ చూసినా అంకె పెరిగిపోతుంది, ఇక మెసేజ్ చదువుతూ చూస్తే చెప్పాలా? నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున్న, సాయంత్రం, 7 రోజులు కాగితం మీద రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే మీకు బీపీ ఉన్నట్టే. అప్పుడు ఆ తప్పు గ్రూపు మీదకి నెట్టేయడానికి లేదు. వయసు, బరువు, ఉప్పు, సిగరెట్, నిద్ర, వంశం అన్నీ కలిసి ఏళ్ళ తరబడి పెంచిన దాన్ని గ్రూపులోంచి బయటికి వచ్చినంత మాత్రాన దింపలేం. మందు అవసరమైతే వాడాల్సిందే. చాలామందికి అది దీర్ఘకాలమే. సగటు అంతకన్నా తక్కువ వస్తే సంతోషం, నెలకోసారి చూసుకుంటూ ఉండండి.

అయితే కోపానికి ఏ పాపమూ లేదని కాదు. గట్టు మీద పాము కనిపిస్తే ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. పాము పొదలోకి పోతుంది, మీరు రెండు తిట్లు తిట్టి ఊపిరి పీల్చుకుంటారు, అయిపోతుంది. గ్రూపులో పాము పోదు. టింగుమన్నప్పుడల్లా మళ్ళీ పడగ ఎత్తుతుంది. 2024లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 280 మంది ఆరోగ్యవంతుల్ని నాలుగు జట్లు చేసి, ఒక జట్టుని 8 నిమిషాల పాటు తమకి కోపం తెప్పించిన సంగతి తలుచుకోమన్నారు. ఊరికే తలుచుకోవడమే, ఎదురుగా ఎవరూ లేరు. వాళ్ళ రక్తనాళాలకి వ్యాకోచించే గుణం తగ్గి, 40 నిమిషాల దాకా అలాగే ఉంది. అంటే బావమరిది రాసిన మాట మీరు రోజుకి పదిసార్లు పైకి జరిపి చదువుకుంటే, తిట్టింది ఆయన ఒక్కసారి, దెబ్బ తగిలింది మీకు పదిసార్లు.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోనివ్వండి. మా డాక్టర్ల గ్రూపు కూడా తక్కువ తినలేదు. 2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడుతుందన్న వార్త వచ్చిన రోజు, కరెంటెంత, నీళ్ళెన్ని, ఉద్యోగాలెన్ని అని రాత్రి ఒంటిగంట దాకా కొట్టుకున్నాం. ఒక్కరి అభిప్రాయమూ మారలేదు. నేను గమనించింది ఒకటే: మన గోదారోళ్ళ వెటకారం నోటితో అంటేనే అందం. ‘ఏవండోయ్, తమరికి తెలియనిదేవుందండీ’ అని అరుగు మీద కూర్చుని అంటే, ఆ నవ్వుకి అవతలి వాడూ నవ్వేస్తాడు. అదే మాట అక్షరాల్లో పెడితే నవ్వు రాలిపోయి ముల్లు మాత్రం మిగులుతుంది. మీ మేత బస్తా మాట కూడా అలా వచ్చిందేనేమో. ఆయన మొహం మీరూ చూడలేదు, నేనూ చూడలేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వాదించేవి లోకం సంగతులే గానీ, మీకు మాత్రం అవి ఇంటి సంగతులు. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మన రొయ్య కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రేటు ఏమవుతుందోనని డెల్టా అంతా చెరువుల మీద లెక్కలు వేసుకుంది. మిగతావాళ్ళకి అది వార్త, మీకు లీజు డబ్బులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి అంత పట్టుదలగా వాదిస్తున్నారంటే, ఇంట్లో ఎవరో ఆ ఉద్యోగంలో ఉండి ఉండాలని నా ఊహ. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామన్నప్పుడు నా ఓపీకి నిద్ర పట్టడం లేదంటూ వచ్చినవాళ్ళలో ఉద్యోగుల కన్నా వాళ్ళ తండ్రులే ఎక్కువ. నా ఊహ నిజమైతే, ఏఐ గురించి గ్రూపులో నలభై మందిని అడిగే బదులు అబ్బాయినో అమ్మాయినో ఒక్కసారి అడగండి. ‘మీ ఆఫీసులో ఎలా ఉందమ్మా’ అని. జవాబు చేదుగా ఉన్నా సరే. తెలిసిన భయం కన్నా తెలియని భయమే నిద్రని ఎక్కువ తింటుంది.

గ్రూపు వదిలేయమని నేను చెప్పను. వదిలేసినవాళ్ళు వారంలో మళ్ళీ చేరడం చూశాను. రాత్రి పూట మాత్రం వద్దు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే పడిపోతుంది కాబట్టి మీరు ఆ వేళకి లేవక తప్పదని నాకు తెలుసు. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు, చేతిలో వెలిగే ఫోన్, నిద్ర లేని బుర్ర. ఆ వేళ రాసినదాన్ని పొద్దున్న చదివితే మనకే సిగ్గేస్తుంది. కరెంటు పోతే కుర్రాడు ఫోన్ చేయాలి కదా అంటారు. నొక్కుడు బటన్ల చిన్న ఫోన్ ఒకటి గట్టు మీద పెట్టుకోండి, పెద్ద ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో వదిలేయండి. జవాబు ఏదైనా టిఫిన్ తిన్నాకే. బావమరిదికైతే అసలు రాయొద్దు, ఫోన్ చేయండి. మీ ఇద్దరి మధ్య అన్నిటికన్నా నలుగుతున్నది మీ ఆవిడ. పుట్టింటి పండగ పోగొట్టుకున్నది ఆవిడ, మీ గ్రూపు కాదు.

ఉప్పు గురించి పొడుగ్గా చెప్పను. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. ఆవకాయ, ఎండు చేప అందులోకే వస్తాయి. సిగరెట్ తాగుతుంటే మానేయాలి. ఒళ్ళు నొప్పులకి షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కూడా బీపీ పెంచుతాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆగకండి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ‘కోపం వల్లేలే’ అనుకోవద్దు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సమయం నాలుగున్నర గంటలే. సొంతంగా బండి నడుపుకుంటూ బయల్దేరకుండా 108కి ఫోన్ చేయండి. ఏ నొప్పీ లేకపోయినా, 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని మళ్ళీ చూసినా 180/120 దాటి ఉంటే ఆ రోజే డాక్టర్‌ని కలవాలి.

వారం రీడింగులు పూర్తయ్యాక దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి. ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష చేయిస్తారు. వెళ్ళేటప్పుడు ఆ కాగితంతో పాటు మీ మిషన్ కూడా పట్టుకెళ్ళండి, క్లినిక్ మిషన్‌తో పోల్చి చూస్తారు. మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి. గురక పెడతారా, నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అవుతుందా అని డాక్టర్ అడుగుతారు. దానికి జవాబు చెప్పగలిగింది ఆవిడే.