తోటలో కాపురం, ఖాతాలో తొంభై వేలు

ప్రశ్న: నా వయసు 42. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి 14 నెలలుగా వికారాబాద్ దగ్గర మా రెండెకరాల మామిడి తోటలో భార్య, పాప, అమ్మతో ఉంటున్నాను. అమ్మకు 68 ఏళ్లు, మధుమేహం ఉంది. కన్సల్టింగ్ మీద నెలకు 85,000, హైదరాబాద్ ఫ్లాట్ అద్దె 28,000 వస్తాయి. ఇల్లు, పాప చదువుకు 48,000, గృహరుణ వాయిదాకు 38,000, తోటకు 17,000 ఖర్చవుతాయి. ఈక్విటీ ఫండ్లలో 14 లక్షలు, బ్యాంకులో 90,000 ఉన్నాయి. మే నెలలో స్టార్టరు డబ్బాలో బల్లి దూరి మోటారు కాలిపోతే, మరమ్మతుకైన 31,000 క్రెడిట్ కార్డుపై పెట్టి కనీస మొత్తమే కడుతున్నాను. ఇప్పుడు 14 శాతం వడ్డీకి 9 లక్షల వ్యక్తిగత రుణం అయిదేళ్లకు తీసుకుని, మరో బోరు వేయించి నాలుగు గేదెలు కొనాలనుకుంటున్నాను. పాల డబ్బుతో వాయిదా గట్టెక్కుతుందా?

జవాబు: గట్టెక్కదు. నగరం నుంచి తోటకు మారిన చాలామంది చేస్తున్న పొరపాటే మీ ఉత్తరంలోనూ ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు పాల లెక్క చూద్దాం. నాలుగు గేదెలున్నా ఏడాది పొడవునా నాలుగూ పాలివ్వవు. రెండు పాడిలో ఉంటే రెండు వట్టిపోయి ఉంటాయనుకోవడమే క్షేమం. రోజుకు 12 లీటర్లు, లీటరుకు 60 రూపాయలు అనుకుంటే నెలకు 21,600 చేతికొస్తుంది. మీ వాయిదా దాదాపు 20,940. మిగిలిన 660 రూపాయల్లోనే దాణా, ఎండుగడ్డి, పాలు పితికే మనిషి కూలి, పశువైద్యుడి ఖర్చు అన్నీ వెళ్లాలి. బోరు పడకపోతే పచ్చిమేత కూడా కొనాల్సిందే. నీళ్లు పడతాయో లేదో తెలియని గోతికి అయిదేళ్ల వాయిదా కట్టడానికి ఒప్పుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అసలు చిక్కు మీ బ్యాంకు ఖాతాలో ఉంది. మీ నెల ఖర్చు 1,03,000 అయినప్పుడు, 90,000 మీకు 26 రోజులకే సరిపోతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకటో తారీఖున పడే జీతమే అత్యవసర నిధిలా కాపాడింది గనుక ఈ లోటు మీకు కనిపించలేదు. ఇప్పుడు ఆ జీతం లేదు సరికదా, మోటారు, గాలివానకు రాలే కాయ, కట్ట తెగిన కాలువ వంటి కొత్త అవసరాలు చెప్పకుండా వస్తాయి. పొలానికి వెళ్లాక ఖర్చు తగ్గుతుంది కాబట్టి నిధి కూడా తగ్గించుకోవచ్చని అనుకునేవారు నాకు తరచూ తగులుతుంటారు. పెంచుకోవాల్సిన సమయం అదే. బల్లి చేసిన పనికి మీరు చాలా కార్డుల్లో ఏడాదికి 42 శాతం దాకా పడే వడ్డీని మోస్తున్నారంటే కారణం ఈ నిధి లేకపోవడమే.

మీ విషయంలో ఇల్లు, గృహరుణం కలిపి నెలకు 86,000 చొప్పున 12 నెలలకు 10.32 లక్షలు, తోటకు ఆరు నెలల ఖర్చు 1.02 లక్షలు, వెరసి 11.34 లక్షలు అత్యవసర నిధిగా ఉండాలి. అద్దెను ఇందులో తీసివేయలేదు, ఎందుకంటే ఫ్లాట్ ఖాళీ అయ్యే నెల మీరు అడిగి రాదు. రైతు భరోసా కింద రెండెకరాలకు ఏడాదికి వచ్చే 24,000 కూడా లెక్కలోకి తీసుకోకండి. ముందు కార్డు బాకీ మొత్తం బ్యాంకులోని డబ్బుతో ఇవాళే తీర్చేయండి. తర్వాత ఖాతాలో మిగిలింది పోను, ఈక్విటీ ఫండ్ల నుంచి దాదాపు 10.75 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్, అవసరమైనప్పుడు త్వరగా తీసుకోగల లిక్విడ్ ఫండ్లలోకి మార్చండి. ఏడాదికి 1.25 లక్షల దాకా దీర్ఘకాలిక లాభంపై పన్ను ఉండదు కనుక కొంత మార్చిలోపు, మిగతాది ఏప్రిల్‌లో అమ్మితే పన్ను భారం తగ్గుతుంది. మార్కెట్ పడినప్పుడు అమ్మాల్సిన 14 లక్షలను నిధి అనడం కుదరదు.

తోట పెట్టుబడికి రుణం తప్పదనుకుంటే కిసాన్ క్రెడిట్ కార్డు చూడండి. 3 లక్షల లోపు పంట రుణానికి సకాలంలో కడితే వడ్డీ 4 శాతానికి దిగుతుంది. బోరుకు వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చెప్పేవారిని కాక భూగర్భ జల నిపుణుణ్ణి పిలవండి. మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే తీసుకోండి. రైతు చనిపోతే రైతు బీమా ఇచ్చే 5 లక్షలు గృహరుణం ముందు ఏ మూలకూ రావు.

మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాటే లేదు. కంపెనీ కవరు ఉద్యోగంతోపాటే పోయింది. మానేసే ముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారి ఉంటే, పాత జబ్బులకు క్లెయిము ఇవ్వని నిరీక్షణ కాలంలో గడిచిన ఏళ్లు కలిసొచ్చేవి. ఆ అవకాశం మీకు దాటిపోయింది, ఉద్యోగం మానాలనుకుంటున్న పాఠకులకు మాత్రం ఇంకా ఉంది. పెద్ద ఆసుపత్రి కోసం హైదరాబాద్ వెళ్లాల్సిన చోట ఉంటూ, ఈ లోటును వచ్చే నెలకు వాయిదా వేయకండి. మీ ముగ్గురికీ కలిపి ఒకే పాలసీగా ఉండే ఫ్లోటర్, అమ్మగారికి విడిగా ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు కూడా. దరఖాస్తులో ఆమె మధుమేహాన్ని, వాడుతున్న మందులతో సహా రాయండి; ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ గరిష్ఠంగా మూడేళ్లే, దాచిపెడితే మాత్రం క్లెయిము తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది.